ట్రాక్టరు టైర్లలో ఉప్పునీళ్ళు

బ్రష్ క్రీక్, ఆర్కన్సా
1988 నవంబరు 6, ఆదివారం

ప్రియమైన రేబర్న్ అన్నయ్యకి,

నీ చెల్లెలు ట్వైలా నమస్కారాలతో రాస్తున్నది. నువ్వూ, కోలీన్ వదినా ఆరోగ్యంగా ఉన్నారనీ, చలి మొదలైనా నీ మోచేతి దగ్గర నొప్పి తగ్గే ఉంటుందనీ నమ్ముతున్నాను. ఇక్కడ నాన్నా, నేనూ, రెండు ఆవులూ ఉన్నాం. బాగున్నామని రాయమని నాన్న చెప్పాడు. నీకు ఆ మాట రాయడానికి నాకు కలం సాగలేదు.

నువ్వడిగిన కాగితం ఈ కవర్లోనే పెట్టాను. జడ్జిగారికి ఇచ్చేది కదా అని స్కూల్లో టైపు మిషను మీద కొట్టాను. మా తండ్రి హాలిస్ పొలం వ్యవహారాలు చూసుకోగల స్థితిలో లేడు, కిందటేడు పికప్పునీ ట్రైలర్నీ కూతురు లెక్క వేసి చెప్పినా వినకుండా కొన్నాడు, దానివల్ల కొడుకు ఎడమ చెయ్యి పోయింది అని నాలుగు పేరాలు రాశాను. చదువుకున్న పిల్ల మాటయితే జడ్జి నమ్ముతాడని నీ లాయరు అన్నాడట. మనింట్లో హైస్కూలు దాటినదాన్ని నేనొక్కదాన్నే గనక ఆ పని నా మీదే పడింది. జడ్జి ఒప్పుకుంటే పొలం నీదవుతుంది, నువ్వు అమ్మేస్తావు, నాన్న జిల్లా వృద్ధాశ్రమానికి వెళ్తాడు. అక్కడ కిటికీలు తెరుచుకోవు. వెళ్ళి చూసి వచ్చాను.

నాన్నని ఇక్కడ మనిషిగా ఎవరూ చూడటం లేదని నీకు తెలిస్తే తృప్తిగా ఉంటుందేమో, అందుకే రాస్తున్నాను. కిందటి వారం దాణా కొట్టుకి తీసుకెళ్ళాను. పొయ్యి చుట్టూ కాఫీ తాగే బ్యాచీ అలాగే కూర్చుని ఉంది. నాన్న కోళ్ళకి ఒక్క బస్తా అడిగాడు. వాళ్ళలో ఆర్లిస్ కప్పు దించకుండానే, “హాలిస్, ఈ బస్తాని నీ బండి మోస్తుందంటావా, ఇంకో చెయ్యి ఇచ్చుకోవాల్సి వస్తుందంటావా?” అని అడిగాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఒకప్పుడు ఆర్లిస్ కొట్టం కాలిపోతే మూడు వారాలు అక్కడే ఉండి మళ్ళీ కట్టిచ్చినవాడు నాన్న. ఏమంటాడా అని చూశాను. “కోడిపిల్లల తిండే కదా ఆర్లిస్, భుజాన వేసుకుని నడిచిపోతా” అన్నాడు. అన్నట్టే బస్తా ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి ఆయాసపడ్డాడు. ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు.

ప్రమాదం జరిగిన రోజు సంగతి జడ్జి అడిగితే నీకు పనికొస్తుందని మళ్ళీ రాస్తున్నాను. గుట్ట అవతల ఏటి ఒడ్డున కౌలుకి తీసుకున్న భూమికి ట్రాక్టరు తీసుకెళ్ళాలి. దాన్ని రోడ్డు మీద నడిపించుకుంటూ పోతే ఒక పూట పడుతుంది, అందుకే పికప్పూ, ట్రైలరూ కొన్నాం. కొనేటప్పుడు నువ్వు లేవు. నాన్నకి చూపు ఆనడం లేదని రంపపు మిల్లులో సెలవు పెట్టి, తోలడానికి మాత్రమే వచ్చావు. ఏటికి దిగే వాలులో నువ్వు బ్రేకు తొక్కినా ట్రైలరు ఆగలేదు. వెనకనుంచి బండిని తోసుకుంటూ వచ్చి అడ్డం తిప్పి పడేసింది. తర్వాత పోలీసులు ట్రాక్టరుని కాటా వేశారు. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకంలో ఆరువేల ఒక వంద పౌన్లని ఉంటే, కాటా ఏడువేల ఏడు వందలు చూపించింది. ఆ బండికి ఆ బరువు మించిపోయింది. ఊరంతా అనేది నీకు తెలిసిందే: చదువుకున్న పిల్ల నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ముసలాడు వినలేదని.

నిన్న కాగితం నాన్నకి చదివి వినిపించాను. చెప్పకుండా పంపడం నాకు చేతకాలేదు. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ విన్నాడు. మూడో పేరా దగ్గర ఆపి, “మొండివాడని రాయలేదేమే? రాయి. ఊరికే వినలేదంటే జడ్జి నమ్మడు” అన్నాడు. రాశాను. నాన్నే ఒప్పుకుంటే లాయరుకి ఇంకా తేలిక కదా అని నాకు తోచేలోపే చేతులు తుడుచుకుని కలం అడిగాడు. నా సంతకం కింద ఆయన సంతకం కూడా ఉంది, చూడు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు పలక మీద దిద్దించానే, అదే. ఆయనకి వచ్చిన రాత అదొక్కటే.

నీ ఉత్తరంలో “ఆ ముసలాడికి నా పేరు కూడా పలికే హక్కు లేదు” అని రాశావు. ఆయన పలకడం లేదు. పొద్దున కాఫీ రెండు కప్పులు కాక మూడు పోసి, ఒకటి వెనక్కి కెటిల్లో ఒంపేస్తాడు. అంతే.

వదినకి నా నమస్కారాలు. మందులు ఆపకు.

నీ చెల్లెలు
ట్వైలా

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపి ఇది రాస్తున్నాను.

అన్నయ్యా, బండి ఎంచింది నేను.

పాత బళ్ళు అమ్మే ఆ దొడ్లో రెండు పికప్పులు ఉన్నాయి. నాన్న వెనక నాలుగు చక్రాలున్న పెద్దదాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. రోడ్లు వేసేవాళ్ళది, సీట్లదాకా తారు కంపు. రెండోది నీలం రంగుది, తేలిక బండి, మెరుస్తోంది. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఆ తారు బండిలో స్కూలు ముందు దిగడం నాకిష్టం లేదు. ట్రాక్టరు పుస్తకం తెరిచి అక్కడే లెక్క కట్టాను. ట్రాక్టరు ఆరువేల నూరు, ట్రైలరు రెండువేలు, నీలం బండి ఎనిమిదివేల ఐదు వందలు లాగుతుంది. సరిపోతుందన్నాను.

నాన్న ఒక్క మాటే అడిగాడు: “పెద్ద టైర్లలో ఉప్పునీళ్ళు ఉన్నాయి కదమ్మా, అవి పుస్తకంలో ఉన్నాయా?” గుట్ట మీద చక్రం జారకుండా బరువు కోసం మనమే పోశాం కదా. నాకు పన్నెండేళ్ళప్పుడు, నువ్వు పంపు కొడుతుంటే గొట్టం పట్టుకున్నది నేనే. నాకు తెలుసు. కానీ అమ్మేవాడు చూస్తున్నాడు. “చదవడం రానివాళ్ళకి ప్రతిదీ బరువుగానే కనిపిస్తుంది” అన్నాను. అమ్మేవాడు నవ్వాడు. నాన్న కూడా నవ్వబోయి, టోపీ తీసి పట్టుకుని, “మా అమ్మాయి ఏదంటే అదే ఇవ్వండి” అన్నాడు.

ఆసుపత్రిలో నువ్వు పడుకుని ఉండగా పోలీసు వచ్చి ఈ బండి ఎవరు ఎంచారని అడిగాడే, నేను నోరు తెరిచేలోపు నాన్న, “నేనే. పిల్ల వద్దంటూనే ఉంది” అన్నాడు. నువ్వు విన్నావు. నేను నోరు మూసుకున్నాను. పద్నాలుగు నెలలుగా మూసుకునే ఉన్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా స్కూల్లో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను.

నిన్న సంతకం పెట్టాక నాన్నని ఎందుకిలా చేస్తున్నావని అడిగాను. “నాదేముందే, ఎలాగూ పోయేవాణ్ణి. నీ తప్పు బయటపడితే, ఇంట్లో ఒక్క చదువు, అదీ దండగైపోతుంది” అన్నాడు. మళ్ళీ దుంపలు అందుకున్నాడు.

కాగితం చించే ధైర్యం నాకు రాలేదు. నీకే పంపుతున్నాను. జడ్జికి ఇస్తే మాత్రం మూడో పేరాలో “వినలేదు” అన్నది కొట్టేసి ఇవ్వు. నాన్న విన్నాడు.