ఆమె అనని మాట

జిదాఫ్స్,
శనివారం

అక్కకు,

సుధ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. చిన్నదాని దగ్గు తగ్గిందా? అమ్మ మోకాలికి కొత్త మందు పనిచేస్తోందా? నా గురించి దిగులు పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. వేళకు తింటున్నాను. క్లినిక్‌లో నా డ్యూటీ కుర్చీలోనే, ఎండకు తిరిగే పని లేదు. బయట మాత్రం గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటోంది.

నీ గొంతు అలా ఉందేమిటని మొన్న ఫోన్లో అడిగావు. ఏమీ లేదన్నాను. ఉంది. ఇలాంటివి ఫోన్లో చెప్పడం నాకు రాదు, అందుకే రాస్తున్నాను.

మా గదిలో ముగ్గురం. రజియా ఆపాది బోధన్. ఈ గల్ఫ్ దేశంలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. నాలుగేళ్లుగా ఇంటికి పోలేదు. కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. సెలవు అడిగినప్పుడల్లా దుకాణం మేడం పండగ కుట్టు అయిపోనీ అంటుంది. ఒక పండగ పోతే ఇంకోటి. మూడో మనిషి లక్ష్మక్క. జగిత్యాల వైపు ఆవిడ, మా క్లినిక్‌లోనే ఊడ్చి తుడిచే పని.

శుక్రవారం ముగ్గురికీ సెలవు. అన్నం తిన్నాక నా ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి జపాన్ సీరియల్ చూస్తాం, వారానికి ఒక భాగం. కింద వచ్చే ఇంగ్లీషును నేను తెలుగులో చదివి చెబుతాను. కాన్వెంటులో పాఠం పైకి చదవమంటే నా గొంతు పూడుకుపోయేది, నీకు తెలుసు. ఇక్కడ పూడదు. ఆ మాటలు నావి కావు కదా.

కథ ఒక కుట్టుపని ఆవిడది. చిన్న ఊళ్లో కిమోనోలు కుట్టే దుకాణంలో ఇరవై ఏళ్లుగా పని. దూరాన ఉన్న కూతురిని చూసి రావాలని ఉంటుంది, ముసలి యజమాని పంపడు. ఆ వేషం వేసిన నటిని నువ్వు చూడాలి. ఏడవదు. గొంతు పెంచదు. కోపం వస్తే టీ కప్పును బల్ల మీద ఇంకొంచెం నెమ్మదిగా పెడుతుంది. యజమాని వేషం వేసిన ముసలాయన సగం మాటలు వీపుతోనే చెబుతాడు. మొదటి వారం లక్ష్మక్కకు అసలు నచ్చలేదు.

"ఏందమ్మా ఇది, ఒక్కరు గూడ ఏడుస్తలేరు. అత్త లేదు, విషం లేదు. ఇది సీరియలేనా?"

"నోర్మూస్కొని చూడు," అంది రజియా ఆపా. "ఆ సూది పట్టుడు చూడు. నిజంగ కుట్టేటోళ్లే గట్ల పడ్తరు. ఈమె నేర్చుకొని వచ్చింది."

"అయితె మీ మేడంకు జెప్పి పనిల పెట్టిద్దామా?"

నాలుగో వారానికి అందరికన్నా ముందు చాప పరిచేది లక్ష్మక్కే.

నిన్న కాదు, అంతకు ముందు శుక్రవారం చివరి భాగం చూశాం. కూతురి దగ్గర నుంచి కబురు వస్తుంది. ఆవిడ వెళ్లి యజమాని ముందు మోకాళ్ల మీద కూర్చుంటుంది. చాలాసేపు మాట లేదు, వాన చప్పుడు ఒక్కటే. తర్వాత కింద ఒకే వాక్యం వచ్చింది: ఇక్కడే ఉంటానండి. వంగి నమస్కరించి, లేచి బయటికి నడుస్తుంది. తలుపు మూసుకుంటుంది. అంతే, అయిపోయింది.

"ఏమన్నది?" అని అడిగింది ఆపా.

నాకు ఒళ్లు మండింది అక్కా. పది వారాలు ఆవిడ వెంట నడిచింది ఇది వినడానికా అనిపించింది. ఆ మొహం ఎంత నిశ్చలంగా ఉంటుందంటే, దాని మీద ఏ మాట పెట్టినా నప్పుతుంది. నేను పెట్టాను.

"'నేను పోతున్నాను. ఇక ఈ పనికి కూర్చోను. నన్ను ఆపకండి' అంటోంది ఆపా."

"షాబాష్," అంది లక్ష్మక్క.

మర్నాడు ఆపా దుకాణంలో మిషను ఆపి లేచి, తనకు వచ్చిన అరబీలో మేడంతో అవే మాటలు అనేసింది. మేడం దాన్ని పని మానేయడం కింద తీసుకుంది. ఖలాస్, వారంలో కాగితం రాసి తీసుకురా, వీసా రద్దు చేయిస్తానంది. ఆపాకు కావలసింది రెండు నెలల సెలవు మాత్రమే. ఆ పని మీదే అక్కడి ఇల్లంతా నడుస్తోంది. సాయంత్రం గదికి వచ్చి, "జపాన్ ఆమె లెక్కనే జెప్పిన బేటీ," అని నవ్వింది. తర్వాత దాచుకున్న డబ్బు తీసి లెక్కపెట్టుకుంది.

నాలుగు రోజులు నేను నోరు విప్పలేదు. నువ్వు ఫోన్ చేసింది అప్పుడే. బుధవారం చెప్పేశాను. ఆపా చేత్తో గుండీ కుడుతోంది, ఆగింది.

"అంటే ఆమె పోలేదా?"

"లేదు ఆపా."

"ఇరవై ఏండ్లు కుట్టి, ఇంక ఉంట అన్నదా?"

"ఉంటానంది."

ఆపా దారం తెంపింది. "నన్ను పొమ్మనాలని నీకుంటే నీ నోటితోని జెప్పాలె బిడ్డా. ఆమె నోట్ల ఎందుకు పెట్టినవ్?"

తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే చాయ్ మాత్రం నా కప్పులో కూడా పోసేది. అది తాగడం ఎంత కష్టమో చెప్పలేను.

నిన్న మధ్యాహ్నం తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇంగ్లీషుల రాయి. నేను జెప్పిందే రాయి, ఒక్క మాట కలపకు. నాకు సదువు రాదు. నువ్వు రాసినదాని మీదనే సంతకం బెడ్త."

పని మానడం లేదు, కూతురి కాన్పుకు రెండు నెలల సెలవు కావాలి, తిరిగి వస్తాను. ఇంతే రాశాను. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి లక్ష్మక్కను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకేం ఎరుక ఇంగ్లీషు?" అంది లక్ష్మక్క.

"కాయితం కాదు, దీని మొఖం జూడు."

ఈ ఉదయం నన్ను వెంట తీసుకెళ్లింది. మేడం కాగితం చదివింది. వీసా మాట ఎత్తలేదు గానీ, సొరుగులో పడేసి, "పండగ తర్వాత చూద్దాం. యల్లా, పనికి," అంది. ఆపా తల వంచి మిషను వైపు తిరిగింది. నేను కదల్లేదు. ఇంగ్లీషులో అన్నాను: "మేడం, పండగ తర్వాత అంటే బిడ్డ పుట్టిన తర్వాత. పోయిన పండగకు కూడా ఇదే అన్నారు. దయచేసి ఇప్పుడే చెప్పండి." మధ్యలో గొంతు రెండుసార్లు తెగింది.

"నువ్వెవరు?"

"ఆవిడ గదిలో ఉంటాను."

మిగతా మిషన్లన్నీ ఆగిపోయాయి. మేడం నన్ను చూసింది, ఆపాను చూసింది. చివరికి సొరుగు తీసి, రెండు నెలలు కొట్టేసి ఆరు వారాలని రాసి, సంతకం చేసింది.

నన్ను సాగనంపడానికి ఆపా మెట్ల దాకా వచ్చింది. "ఆఖరుకు నువ్వన్న మాట నేను జెప్పమనలే," అంది.

"నేనే అన్నాను ఆపా."

"గట్లనా," అని నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గురువారం బయల్దేరుతోంది. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. బోధన్ పోయేముందు నిజామాబాద్‌లో మీ ఇంటికి వస్తుంది, అన్నం పెట్టకుండా పంపకు. తిరిగి వచ్చేటప్పుడు నా పాత నిఘంటువు, కొంచెం మామిడికాయ తొక్కు ఇచ్చి పంపు. ఎక్కువ వద్దు, ఆవిడ సామాన్ ఆవిడకే బరువు. అమ్మకు, నాన్నకు, పెద్దమ్మకు నా దండాలు. వాళ్ల దీవెనలు నా మీద ఉండనీ. పిల్లలకు ముద్దులు. నేను బాగానే ఉన్నాను, నిజంగా.

ఇంకొక్కటి. ఆపాకు తెలుగు చదవడం కూడా రాదు. సుధ ఏం రాసిందని నిన్ను అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించు.

నీ చెల్లెలు,
సుధ