వాసన గడిలో సున్నాలు

నగర తాగునీటి సరఫరా విభాగం ముఖ్య ఇంజనీరు గారి సమక్షమునకు,
చెరువుగట్టు శుద్ధి కేంద్రం ప్రయోగశాలలో వాసన పరీక్షకురాలిగా పనిచేయుచున్న నేను రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వడపోత ఆపరేటరు గారి సస్పెన్షన్ రద్దు చేయుట గురించి, సదరు తప్పు నాది అగుట గురించి, నన్ను వాసన పరీక్ష నుండి తక్షణమే తప్పించుట గురించి.

సూచిక: గత వారం విచారణాధికారి గారి ముందు నేను ఇచ్చిన వాంగ్మూలం. అది అబద్ధం.

ఈ అర్జీని నిబంధనల ప్రకారం మా ల్యాబ్ అధికారి గారి ద్వారా పంపవలసి ఉన్నది. ఆయన మంచివారు. చదివితే నన్ను ఎలాగైనా బయటపడేయాలని చూస్తారు. అందుచేత నేరుగా తమకే పంపుకొనుచున్నాను. ఈ క్రమశిక్షణా రాహిత్యాన్ని కూడా నా ఖాతాలో వేయగలరు.

1. నా విధుల వివరము. ప్రతి ఉదయం ఏడు గంటలకు మూడు సీసాల నీళ్లు నా బల్ల మీదికి వస్తాయి. చెరువు నుంచి వచ్చిన ముడినీరు ఒకటి, వడపోసిన నీరు ఒకటి, ఊళ్లోకి వదలబోయే నీరు ఒకటి. వాటిని గాజు కూజాల్లో పోసి, మూత బిగించి, వేడినీళ్ల తొట్టిలో పావుగంట ఉంచి, మూత తీసి వాసన చూడాలి. చూసి సున్నా నుంచి అయిదు దాకా ఒక అంకె వేయాలి. మిగతా పరీక్షలు యంత్రాలు చేస్తాయి. వాసనకు మాత్రం మనిషి ముక్కే కావాలి. నగరంలో సగం కుళాయిలకు పంతొమ్మిదేళ్లుగా ఆ ముక్కు నాది.

2. కేంద్రంలో నన్ను అందరూ "ముక్కు మేడమ్" అంటారు. ఎనిమిదేళ్ల క్రితం మోటారు పడవ నుంచి చెరువులోకి డీజిలు కారింది. కంటికి ఆనలేదు, యంత్రాలకూ అందలేదు. మూత తీయగానే నేను చెప్పి నీళ్లు ఆపించాను. అప్పటి ముఖ్య ఇంజనీరు గారు ప్రశంసాపత్రం ఇచ్చారు. మా అత్తగారు దానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించారు. ఇరుగుపొరుగు నూనె డబ్బా కొన్నా ముందు నాకే మూత తీసి చూపించేవారు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. పాటా రాదు, మాటా రాదు. నలుగురిలో నాకంటూ ఉన్నది ఈ ముక్కొక్కటే.

3. గత చలికాలంలో ఎనిమిది రోజులు జ్వరపడి లేచాను. విధుల్లో చేరిన రోజున బ్లీచింగ్ పౌడరు పీపా మూత తీస్తే కళ్లు మండాయి, నీళ్లు కారాయి. వాసన మాత్రం రాలేదు. ఇంటికి వెళ్లి సబ్బు, కాఫీ పొడి, లవంగాలు, చివరికి మా ఆయన సాక్సులు కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. దేనికదే ఉత్త గాలి.

ఆ రోజే సెలవు చీటీ రాసి ఇచ్చి ఉండవలసింది. రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. వారమైంది. తర్వాత చెబితే ఈ వారం రోజులూ ఏం రాశావని అడుగుతారు కదా అని భయం వేసింది. నెల దాటాక భయం కూడా పోయి సిగ్గు ఒక్కటే మిగిలింది. ముక్కు మేడమ్‌కి ముక్కు లేదంటే నవ్వుతారని. ఇంతకంటే గట్టి కారణమేదైనా తమకు చూపగలిగితే బాగుండును. లేదు.

నిబంధన ప్రకారం ముగ్గురు వాసన చూడాలి. రెండు పోస్టులు ఆరేళ్లుగా ఖాళీ. మూడు గడుల్లోనూ నేనే సంతకం పెడుతున్నాను. ఇది సాకుగా చెప్పుట లేదు. నన్ను పట్టుకోగలిగిన మనిషి ఆ గదిలో లేరని తెలుపుకొనుటకు మాత్రమే. అయిదు నెలల పది రోజులు వాడుక ప్రకారం చెరువు నీటికి ఒకటి, ఊళ్లోకి వెళ్లే నీటికి సున్నా వేసుకుంటూ పోయాను. ఆ అయిదు నెలల్లో చెరువులో మళ్లీ డీజిలు కలిసి ఉంటే నాకు తెలిసేది కాదు. కలవలేదు. అది నా గొప్ప కాదు.

4. ఎండలు ముదిరి చెరువు అడుగంటేసరికి పాచి కుళ్లడం మొదలైంది. ఒక ఉదయం వడపోత ఆపరేటరు గారు స్టీలు గ్లాసుతో నీళ్లు పట్టుకుని నా గదికి వచ్చారు. ఆయన్ని నేను బాబాయ్ అని పిలుస్తాను. చుట్టరికం లేదు, నేను చేరిన రోజు నుంచీ అదే పిలుపు.

"అమ్మాయ్, మట్టి కంపు కొడుతున్నాయి. కంపు లాగెయ్యడానికి బొగ్గుపొడి వెయ్యాలి. నువ్వు చీటీ మీద అంకె వెయ్యి" అన్నారు.

తమకు తెలియనిది కాదు. వాసన అంకె మూడు దాటిందని ల్యాబు చీటీ ఇస్తే తప్ప బొగ్గుపొడి గది తెరవకూడదు. నేను గ్లాసు తీసుకున్నాను. కళ్లు మూసుకుని, తల కాస్త వంచి, ఎప్పుడూ చూసినట్టే చూశాను. ఏమీ లేదు బాబాయ్ అన్నాను. ఆయన నా వంక కాసేపు చూసి గ్లాసు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు. మూడో రోజూ వచ్చారు. మూడు రోజులూ సున్నాయే ఇచ్చాను.

5. ఆ వారంలో ఫిర్యాదుల గదికి మూడు వందల నలభై ఫోన్లు వచ్చాయి. అన్నింటికీ ఒకటే జవాబు: "ప్రయోగశాల నివేదిక ప్రకారం నీటిలో వాసన లేదు. మీ ఇంటి ట్యాంకు కడిగించుకోగలరు." ఆ వాక్యం రాసిచ్చింది నేనే.

అలా కడిగించుకున్నవాళ్లలో మా అక్క ఒకతె. ఊళ్లోనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో నిచ్చెన ఎక్కి ట్యాంకు రెండుసార్లు తోమింది. అయినా కంపు పోలేదు. నాకు ఫోన్ చేసి, నువ్వు లేదంటున్నావు కాబట్టి నీళ్లలో ఉండదు, నా ముక్కే చెడిందేమో, డాక్టరు దగ్గరికి తోడు రమ్మని అడిగింది.

వెళ్లాను అయ్యా. అక్కడే చెప్పేసి ఉండవచ్చు. డాక్టరు గారు నాలుగు చిన్న సీసాలు ఒకదాని తర్వాత ఒకటి అక్క ముక్కు దగ్గర పెట్టారు. కాఫీ, లవంగం, సబ్బు, నారింజ తొక్క. అక్క కళ్లు మూసుకుని నాలుగూ చెప్పింది. ఏ లోపమూ లేదన్నారాయన. అంతలో అక్క నా ఉద్యోగం గురించి గొప్పగా చెప్పింది. ఆయన నవ్వి, అయితే మా సీసాలు సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చెప్పండని అవే సీసాలు, అదే వరసలో నాకు అందించారు. కాఫీ, లవంగం, సబ్బు, నారింజ తొక్క అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాను. అక్క మొహం వెలిగిపోయింది.

మెట్లు దిగుతూ అక్క ఆగి అడిగింది. "నా ముక్కూ బాగానే ఉంది, నీ ముక్కూ బాగానే ఉంది. మరి నీళ్లకేమైందే?"

పైపులు పాతవై ఉంటాయన్నాను.

6. నాలుగో రోజున ఆపరేటరు గారు బొగ్గుపొడి గది సీలు తెంపి, తన చేతులతో ముప్ఫై ఎనిమిది బస్తాలు విప్పి నీళ్లలో కలిపించారు. డ్యూటీ పుస్తకంలో "వాసన ఉంది. పొడి వేశాను" అని రాసి సంతకం కూడా చేశారు. మూడు రోజుల పాటు మొహం నుంచి మోచేతుల దాకా నల్లగా తిరిగారు. మరుసటి వారం వచ్చిన ఫిర్యాదులు తొమ్మిది. నా రిజిస్టరులో మాత్రం ముందూ సున్నా, తర్వాతా సున్నా.

పదిహేను రోజుల తర్వాత స్టాకు తనిఖీ జరిగింది. బస్తాలు లేవు, ల్యాబు చీటీ లేదు. అనుమతి లేకుండా సరుకు వాడినందుకు ఆయనను సస్పెండ్ చేశారు. నాలుగు నెలల్లో రిటైరు కావలసిన మనిషి.

గత వారం విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు. అధికారి గారు ఒక్కటే అడిగారు, ఆ తేదీల్లో నీటిలో వాసన ఉన్నదా అని. రిజిస్టరు ప్రకారం లేదు అని చెప్పాను. "రిజిస్టరు ప్రకారం" అన్న రెండు ముక్కలు చాటు చేసుకుని అబద్ధం ఆడలేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. బాబాయి ఎదురు కుర్చీలోనే ఉన్నారు. ఏమైనా అడుగుతారా అని అధికారి గారంటే, ఏమీ లేదండీ అన్నారు.

7. బయట వరండాలో చెప్పులు వేసుకుంటూ ఆయన నెమ్మదిగా అడిగారు. "అమ్మాయ్, నీకు వాసన తెలియక ఎన్నాళ్లయింది?"

నేను బుకాయించాను. ఆయన గొంతు పెంచలేదు.

"మొదటిసారి గ్లాసు తెచ్చిన రోజు నేను పంపుగది నుంచి వచ్చాను. ఒళ్లంతా డీజిలే. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడైనా నన్నలా నీ గదిలోకి అడుగు పెట్టనిచ్చావా?"

నిజమే అయ్యా. తలకు నూనె రాసుకుని వచ్చినవాళ్లనే గుమ్మం అవతల నిలబెట్టేదాన్ని. మరి లోపల ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ ముక్కు సంగతి నువ్వు చెప్పుకోవాలి. నేను చెబితే చాడీ అవుతుంది" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఆయన తిట్టి ఉంటే ఈ అర్జీ రాయడానికి నాకు మరో నెల పట్టేదేమో.

8. తమ దృష్టికి తేవలసిన మరో నిబంధనల ఉల్లంఘన. చెరువు మళ్లీ చెడింది. కొత్త ఆపరేటరు గారు, ల్యాబు చీటీ లేనిదే బస్తా ముట్టనన్నారు. ఆయన చేసింది సబబే, ముందున్నాయనకు ఏమైందో చూశారు కదా. నిన్న ఉదయం నేను రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. సున్నా చుట్టడానికి చేయి రాలేదు. మూడు సీసాలు, కూజాలు, రిజిస్టరు సంచీలో పెట్టుకుని ఆటో ఎక్కి బాబాయి ఇంటికి వెళ్లాను. ప్రభుత్వ రిజిస్టరు కేంద్రం దాటించడం నేరమని తెలుసు.

పిన్ని తలుపు తీసింది. నన్ను చూసి పలకరించలేదు, వెళ్లగొట్టనూ లేదు. నీళ్లు వేడి చేయాలంటే పొయ్యి మీదున్న గిన్నె దించి చోటిచ్చింది. బాబాయి ముందు ఒప్పుకోలేదు. సస్పెండైన మనిషి మాట రిజిస్టరులోకి ఎక్కదన్నారు. ఎక్కిస్తానన్నాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి మూడు మూతలూ తీసి చూశారు.

"చెరువుది అయిదు. వడపోసిందీ, ఊళ్లోకి వెళ్లేదీ నాలుగు" అన్నారు.

అవే వేశాను. "చూసినవారు: సస్పెన్షన్‌లో ఉన్న వడపోత ఆపరేటరు" అని రాసి, కింద నా సంతకం పెట్టాను. తొమ్మిదింటికి చీటీ వెళ్లింది. పొడి పడుతోంది. నా చేతి మీదుగా అయిదు నెలల తర్వాత ఒక నిజమైన అంకె ఊళ్లోకి వెళ్లింది. అది కూడా నాది కాదు.

కావున తమను కోరుకొనునది:

అ) ఆపరేటరు గారి సస్పెన్షన్ నేడే రద్దు చేసి, ఆయన చేసిన పని సరైనదేనని రాతపూర్వకంగా ఇవ్వగలరు. నోటిమాటగా వద్దు. ఆయన పుస్తకంలో రాసి సంతకం చేసిన మనిషి.

ఆ) ట్యాంకు కడిగించుకోమని జవాబు పొందిన మూడు వందల నలభై మందికీ, కంపు నీళ్లదే, మీ ట్యాంకుది కాదు అని కబురు పంపగలరు. వాళ్లలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మా అక్క ఒక్కతే అయి ఉండదు.

ఇ) రేపు ఉదయం ఏడు గంటలకల్లా ముక్కున్న మనిషిని ఎవరినైనా ఆ బల్ల దగ్గరికి పంపగలరు. నన్ను ఏం చేసినా తర్వాత చేయవచ్చు. ఇది మాత్రం ఆగదు.

నాపై దయ చూపమని కాక, జాగు చేయవద్దని మాత్రమే వేడుకొనుచు, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ఇన్నాళ్లూ కాకపోయినా),
వాసన పరీక్షకురాలు

తా.క.: అయ్యా, కవరు అంటించే ముందు ఇదంతా మా అక్కకు చదివి వినిపించాను. తమకన్నా ముందు తనకు తెలియడం న్యాయమనిపించింది. డాక్టరు గారి దగ్గర సంగతి వచ్చేసరికి అక్క లేచి వంటగదిలోకి వెళ్లింది. నేను ఆపలేదు, అక్కడికి వినపడేలా గొంతు పెంచి మిగతాది చదివాను. అయిపోయింది. గిన్నెలు తోముతున్న చప్పుడే వినిపిస్తోంది. తిడుతుందని కూర్చున్నాను. చాలాసేపటికి కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే గుమ్మంలోకి వచ్చింది.

"వాసన తెలియకపోతే రుచీ తెలియదుటగా. అయిదు నెలలుగా ఏం తింటున్నావే మరి?" అంది.

ఈ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎవరికైనా చెబితే కదా అడగడానికి. దీన్ని అర్జీలో ఏ అంశం కింద చేర్చాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.