కళ్లజోడు పెట్టెలో సగం రొట్టె

పుంగనూరు,
ఆగస్టు 9.

వదినగారికి,
శంకరప్ప నమస్కారాలు.

ఫోనులో నా గొంతు మీకు వినపడదు. అందుకే రాస్తున్నాను. మీ చెల్లెలి ఆఖరి రోజు ఎలా గడిచిందని అడిగారు. మీరు కుప్పం నుంచి మదనపల్లె ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది కనుక చెప్పడం నా బాధ్యత.

జులై 30, బుధవారం. ఉదయం ఆరింటికి మార్త మెలకువగానే ఉంది. ఏడింటికి రెండు చెంచాల గంజి తాగింది. తొమ్మిదింటికి కిటికీ తెరవమంది. పదింటికి పాదిరిగారు వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చారు. రూపాయి బిళ్లంత పలుచని రొట్టె. దాన్ని విరిచి ఒక సగం నోట్లో పెట్టుకుంది. రెండో సగం నా వైపు చాచి "తీసుకోండి" అంది. నేను బాప్తిస్మం లేనివాణ్ణి. మీ మతం వాణ్ణి కాను, ఏ మతం వాణ్ణీ కాను. పాదిరిగారు చూస్తున్నారు. ముక్క అందుకుని చెయ్యి మూసుకున్నాను. మూడున్నరకు పోయింది.

ఆ సగం నా దగ్గరే ఉంది. తినలేదు, పారేయలేదు. దాన్ని ఏం చేయాలో, మీ చర్చి నియమం ఏమిటో తెలియజేయగలరు.

ఇట్లు,
శంకరప్ప

తా.క. నా తిండి గురించి దిగులు వద్దు. కాఫీ కూడా నేనే పెట్టుకుంటున్నాను. ఆమె ఇచ్చే కాఫీలో అప్పుడప్పుడు అడుగున మడ్డి వచ్చేది. ఆ ఆఖరి గుక్క కరివేపాకు పాదులో పోసేవాణ్ణి. మడ్డి కోసం మూడు ఫిల్టర్లు మార్చాను, తగ్గలేదు. ఇప్పుడు అదే ఫిల్టరు, చుక్క మడ్డి లేదు.


కుప్పం,
ఆగస్టు 13.

శంకరప్పకు నీ వదిన ఎలీసమ్మ ప్రభువు పేరిట దీవించి రాయడమేమంటే,

నీ జాబు చదివి ఏడ్చినాను. మళ్లీ చదివి నవ్వినాను. ముప్పై నాలుగేండ్లకు నా మరిదికి ఆ రొట్టె తినాలని బుద్ధి పుట్టింది గదా! జాబు చేత్తో పట్టుకునే మా పాదిరి దగ్గరికి పోయినాను. "బాప్తిస్మం లేకుండా నోట్లో పెట్టకూడదమ్మా, ముందు నీళ్లు, ఆపైన రొట్టె" అన్న్యాడు. సెప్టెంబరు 7, మొదటి ఆదివారం, మా చర్చిలోనే. ఆలోపల పాఠాలు చదువుకుంటే చాలంట. నీకు పాఠాలొక లెక్కా? కాలేజీలో లెక్కలు చెప్పినోడివి.

ఇట్లు,
సంతోషంతో నీ వదిన

తా.క. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ ఒక్కరే అని చెప్తారు. అది నీ కాలేజీ లెక్క కాదప్పా. ఆడ మాత్రం సుద్దముక్క పట్టుకుని లేయొద్దు.


పుంగనూరు,
ఆగస్టు 17.

వదినగారికి నమస్కారాలు.

తినాలని ఉందని నేను రాయలేదు. నియమం అడిగాను. ఒక వాక్యం చాలు.

ముక్క మార్త కళ్లజోడు పెట్టెలో ఉంది. చీమలు రాకుండా ఆ పెట్టెను నీళ్ల పళ్లెంలో పెట్టాను. పక్కింటి సయీదా కరివేపాకు కోసం వచ్చి చూసి "ఏంది సార్, కళ్లజోడుకు స్నానమా?" అంది. విషయం చెప్పాను. "మా ఇండ్లల్లో రొట్టె ముక్క కింద పడితే కళ్లకద్దుకుని గోడ మీద పెడతాం సార్. పిట్టలు తింటాయి. దీంట్లో ఇంత ఆలోసించేదేముండాది?" అంది. ఇంతవరకు నాకు స్పష్టంగా జవాబు చెప్పింది ఆమె ఒక్కతే.

ఇట్లు,
శంకరప్ప

తా.క. ముగ్గురు ఒక్కరు కావడం మీద నాకు అభ్యంతరం లేదు. అంతకంటే కష్టమైనవి కాలేజీలో రుజువు లేకుండా ఒప్పించాను.


కుప్పం,
ఆగస్టు 22.

శంకరప్పకు దీవెనలు.

నీళ్ల పళ్లెం సంగతి మహిళా సమాజంలో చదివి వినిపించినాను. ఒక్కరి కండ్లూ ఆరలేదు. "రొట్టెకే ముందు బాప్తిస్మం ఇచ్చినాడే, ఎంత భక్తుడో!" అని ఒకటే పొగడ్త.

నియమం అడిగినావు గదా, నలుగురిని అడిగినాను. పాదిరి తినేయాల అన్న్యాడు. ఉపదేశి ఎవురూ తొక్కని చోట మట్టిలో కలపాల అన్న్యాడు. సంఘ పెద్ద మీటింగు పెట్టాల అన్న్యాడు. నాలుగో ఆయప్ప "నన్ను అడగొద్దమ్మా, నేను పోయిన నెల్లోనే సేరినాను" అన్న్యాడు.

నీకు తెల్ల జుబ్బా కుట్టించి పంపిస్తాండాను. నీ కొలత లేక మా వాడి కొలత ఇచ్చినాను. సాక్షిగా నా మనవడు ధనుష్ నిలబడతాడు. వాడికి ఇరవై మూడేండ్లే గానీ, ఆ దినం నుంచి నీకు జ్ఞానతండ్రి. గౌరవంగా పిలువు. ఇంకో మాట, బాప్తిస్మం అయినంత మాత్రాన తినేదానికి లేదంట. బిషప్పు వచ్చి నీ తల మీద చెయ్యి పెట్టాల. ఆయప్ప ఎండాకాలానికి గానీ రాడు. అంతవరకు పళ్లెంలో నీళ్లు మారుస్తా ఉండు.

ఇట్లు,
నీ వదిన

తా.క. "సైతానును విడిచిపెడతావా?" అని అడుగుతారు. "విడిచిపెడతాను" అని గట్టిగా చెప్పు. రిజిస్టరాఫీసులో నీ పెండ్లినాడు చేసినట్ల "కాగితం ఒకసారి చదివి చెప్తాను" అనొద్దు. మార్త ఆ పొద్దు అరగంట నిలబడింది.


పుంగనూరు,
ఆగస్టు 28.

వదినగారికి నమస్కారాలు.

జుబ్బా చేరింది. అందులో నేనూ, ఇంకొకరూ పడతాం. సయీదా భర్త షాహిద్ బైకు మీద కప్పడానికి ఇవ్వమన్నాడు.

ఆదివారం ఏర్పాట్లు ఆపండి. నమ్మని మాట నలుగురి ముందు చెప్పలేను. మార్త కోసమని అయితే అసలే చెప్పలేను.

నేను సరిగా రాయలేదేమో. మళ్లీ రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లలో ఆమె ఒక్క ఆదివారం కూడా నన్ను చర్చికి రమ్మనలేదు. ప్రార్థనకు కూర్చోమనలేదు. ఒక్కసారి చెయ్యి చాచింది. పాదిరిగారు ఏమనుకుంటారోనని నేను చెయ్యి మూసుకున్నాను. ఆమె చూసింది. నాకు నియమం వద్దు. ఆమె ఏమనుకుంటూ పోయిందో మీకు తెలిస్తే చెప్పండి.

ఇట్లు,
శంకరప్ప

తా.క. ధనుష్ ఫోను చేశాడు. నిన్నటిదాకా తాతా అనేవాడు. "ఏం బిడ్డా, పాఠం సదివినావా?" అన్నాడు. లేదన్నాను. "పర్వాలేదు నాయనా, నిదానంగా సదువు" అన్నాడు.


కుప్పం,
సెప్టెంబరు 2.

శంకరప్పకు దీవెనలు.

అన్నీ ఆపేసినాను. మహిళా సమాజం అలిగింది. వాళ్లకు నీ ఆత్మ కంటే ఆదివారం బిర్యానీ మీదనే మనసు.

నీ జాబు రెండు దినాలు దిండు కింద పెట్టుకున్నాను. ఒక సంగతి నీకు చెప్పకుండా ఉండాను. చెప్పొద్దని మార్త ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు పోతే పోనీ.

నేను పుంగనూర్లో ఉన్నన్నాళ్లూ చర్చిలో దాని పక్కనే కూర్చుండేదాన్ని. నెలకోసారి, మొదటి ఆదివారం సంస్కారం. చేతిలో రొట్టె పెడితే సగం నోట్లో ఏసుకునేది, సగం కొంగున ముడేసుకునేది. ఒకసారి పట్టుకున్నాను. "ఏమే, దేవుని బల్ల కాడ దొంగతనమా?" అంటే, "ఇంట్లో ఏది తిన్నా సగం ఆయనకు పెట్టే గదక్కా తింటాను. ఇదొక్కటి నేనొక్కదాన్నే యాల తినాల?" అనింది. "ఆయప్ప తింటాడా?" అన్నాను. "తినడు. అందుకే అడగను. ఇంటికి పోతానే కాఫీలో ఏసిచ్చేస్తాను" అనింది.

అదప్పా నీ మడ్డి. ఆసుపత్రిలో కాఫీ లేదు, అందుకని చేతికే ఇచ్చింది. చెయ్యి మూసుకున్నావని బాధపడిందా? ముప్పై నాలుగేండ్లు తినిపించినామెకు ఆ ఒక్క ముక్క దిగులు యాడిది? నీ చేతికి చేరింది గదా అనే కండ్లు మూసుకునుంటాది.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ వదిన

తా.క. నీకు నీళ్లకు ముందే రొట్టె అయిపోయింది. ఈ మాట మా పాదిరికి చెప్పలేదు. ఆయప్పకు బీపీ ఉండాది.


పుంగనూరు,
సెప్టెంబరు 6, శనివారం.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇన్నేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. మడ్డి నెలకోసారే వస్తుందనీ, ఆదివారమే వస్తుందనీ ఒక్కసారి కూడా గమనించలేదు. ఫిల్టర్లు మార్చాను.

అయితే మీకు తెలియని సంగతి ఒకటి ఉంది. మార్తకు కూడా తెలియదు. ఖాళీ గ్లాసే చూసేది. మొదటి ఉత్తరంలోనే రాశాను, మీరు పట్టించుకోలేదు, రాసిన నేనూ పట్టించుకోలేదు. మడ్డి ఉన్న ఆఖరి గుక్క నేను ఏనాడూ తాగలేదు. కరివేపాకు పాదులో పోశాను. ఇన్నేళ్లూ నెలనెలా సంస్కారం తీసుకున్నది నేను కాదు. కరివేపాకు చెట్టు.

మీ ఉపదేశిగారి నియమానికి లోటు రాలేదు. అక్కడ ఎవరూ తొక్కరు. ఆ చెట్టు ఇప్పుడు ఇంటి కప్పు దాటింది. వీధి మొత్తం తాలింపుల్లో దాని ఆకే. సయీదాకు చెప్పాను. కాసేపు చెట్టు వంక చూసి, "అదీ సంగతి! మా పులుసు అట్ల ఉండేది నా చేతి గుణం అనుకుంటి గదా సార్" అని రెండు రెబ్బలు ఎక్కువ తుంచుకుని పోయింది.

నవ్వాను. జులై 30 తరువాత ఇదే మొదటిసారి.

ఇట్లు,
శంకరప్ప

తా.క. సైతాను గురించిన కాగితం ఉంటే పంపండి. చదివి చెబుతాను. రేపు మొదటి ఆదివారం. పొద్దున్నే కాఫీ పెడతాను. కళ్లజోడు పెట్టెలోని ముక్క అందులో వేస్తాను. ఈసారి అడుగుదాకా తాగుతాను.