నువ్వు ముట్టని జొన్నరొట్టె

ఏమయ్యా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. మాల్దీవులల నేను సదువు చెప్పే బడికి సెలవు పెట్టి నారాయణఖేడ్ వచ్చిన.

నీ పేరు మీద ఏసిన ఇస్తారాకుల మీ చెల్లె జొన్నరొట్టె పెట్టుకుంట అన్నది: "వదినా, నువ్వు గా దేశం పోయినకాడినుంచి అన్న రొట్టె ముట్టలే. 'పాపం, దానికి ఆడ దొరకదు గదా, నాకెట్ల మింగుడు పడ్తది' అనెటోడు."

నిన్నెవరు మానుమన్నరయ్యా? ఆ దీవిల ఉప్పునీళ్లు, చేపలు తప్ప ఏం లేవని ఫోన్ల నేనే చెప్తుంటి. సంతోషంగున్న అంటే చిన్నబోతవనుకున్న. సాయంత్రం బడి ఇడిసినంక పిల్లలతోని సముద్రంల మోకాళ్లదాక దిగి, నవ్వుకుంట ఆడేదాన్ని. చేపల కూర గూడ నేర్చుకున్న.

ఇప్పుడు నీ ఇస్తారాకు ముందట కూసున్న. నీకెట్ల చెప్పాలె? ఆడ నాకు ఒక్కనాడు గూడ రొట్టె యాదికి రాలే.