తమ్ముడు వదిలిన ఖాళీ

మార్చి 3, సోమవారం

ఇవాళ బాగా వచ్చింది. రాసుకోవడానికి భయంగా ఉంది కానీ బాగానే వచ్చింది. పొద్దున రెండు ట్యూన్లు, రెండూ రెండో టేక్‌కే ఓకే. నా శాక్సఫోన్ వెనకాలే తమ్ముడి పియానో మెత్తగా నడిచింది. సౌండ్ ఇంజినీర్ అద్దం అవతలి నుంచి బొటనవేలు చూపించాడు. ఆయన పొగడడమంటే అంతే, అదీ ఏడాదికోసారి.

నా పేరు మీద వస్తున్న రెండో జాజ్ రికార్డు ఇది. మొదటిది వచ్చి పద్నాలుగేళ్ళయింది, దాన్ని కొన్నవాళ్ళలో సగం మంది మా చుట్టాలే. ఇదీ మునిగితే ఇక హోటల్ లాబీలో కాఫీ తాగేవాళ్ళకు వాయించుకుంటూ రిటైర్ అవడమే. నలభై ఆరేళ్ళదానికి మూడో ఛాన్స్ ఎవడిస్తాడు?

మార్చి 4, మంగళవారం

చెత్త. పదకొండు టేకులు, ఒక్కటీ పనికిరాలేదు. శాక్సఫోన్ మూతికి బిగించే రీడ్ మార్చాను, నిలబడే చోటు మార్చాను, చెప్పులు విప్పి కూడా వాయించాను. మధ్యలో తమ్ముడు ఆపేసి, అక్కా, మూడో లైన్ రాగానే నువ్వెప్పుడూ పరిగెడతావు, అన్నాడు. అందరి ముందూ. నేను పరిగెత్తడం లేదు, నువ్వే ఈడుస్తున్నావు అన్నాను. డ్రమ్మర్ సిగరెట్ వంక పెట్టి బయటికి జారుకున్నాడు.

మార్చి 6, గురువారం, ఉదయం 10

వాడు రాలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3

ఇప్పుడు తెలిసింది. ఎవరో పెద్ద సింగర్ టూర్‌లో పియానో వాయించేవాడు మంచం పట్టాడట. వీడిని రమ్మన్నారట. వీడు పొద్దున్నే విమానం ఎక్కేశాడు. నాకు చెప్పలేదు. ఇంజినీర్‌కు చెప్పాడు! నిన్న నాకు సెలవు కదా, అది చూసి స్టూడియోకు వచ్చి, డ్రమ్మర్‌నూ బేస్ వాయించే అతన్నీ కూర్చోబెట్టి, మిగిలిన మూడు ట్యూన్లకూ తన వంతు వాయించి పెట్టి పోయాడట. నేను లేకుండా. నా రికార్డులో. చెబితే అక్క వెళ్ళనివ్వదు అన్నాడట. ఎందుకు వెళ్ళనిస్తాను?

ఏం ఫర్వాలేదు మేడమ్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాని మీద వాయించేయండి, ఆయన మీకు చోటు వదిలే వెళ్ళారు, అన్నాడు ఇంజినీర్. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు.

అమ్మకు ఫోన్ చేశాను. చేయడం నాదే తప్పు. వాడికి మంచి అవకాశం వచ్చిందటే, నువ్వు పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి, అంది. వాడికి నలభై మూడేళ్ళు! నేనెప్పుడమ్మా పెద్దదాన్ని కాకుండా పోయేది అని అడిగితే, అన్నం తిన్నావా అంది.

మార్చి 7, శుక్రవారం

ఒళ్ళు మండిపోతోంది. ఎందుకు మండుతోందో వరసగా రాస్తాను.

మొదటి ట్యూన్ పెట్టుకుని విన్నాను. మామూలుగానే మొదలైంది. తర్వాత మూడో లైన్ వచ్చింది. అక్కడ వాడు ముందుగానే చేయి తీసేశాడు. నేను పరిగెత్తితే ఎక్కడికి చేరతానో సరిగ్గా అక్కడ నాకు జాగా ఉంది. నేను ఊపిరి తీసుకునే చోట రెండు మెట్లు నొక్కి ఊరుకున్నాడు. పై స్వరం అందక నేను కిందికి దిగిపోయే చోట, వాడు ముందే దిగి నా కోసం కూర్చుని ఉన్నాడు.

అప్పటికప్పుడు పుట్టిస్తున్నానని నేను ఇన్నాళ్ళూ మురిసిపోయిందంతా వాడికి కంఠతా వచ్చన్నమాట. ముందే తెలిసిపోయేదాన్ని జాజ్ అంటారా, ఎక్కాల పుస్తకం అంటారా? మిగతా రెండు ట్యూన్లూ వినను. విననే వినను.

దాని మీద వాయిస్తే చక్కగా అతికింది. ఇంజినీర్ బొటనవేలు లేచింది. దాన్ని విరిచేద్దామనిపించింది. టేక్ చెరిపేయమన్నాను.

మార్చి 10, సోమవారం

అదే ట్యూన్. పంతం పట్టి, వాడు వదిలిన చోటల్లా ఊరుకున్నాను, వాడు వాయించిన చోటల్లా వాయించాను. ఇరుకు గుమ్మంలో ఇద్దరు ఒకేసారి దూరినట్టు ఉంది. ఇది ప్రయోగమా మేడమ్ అని ఇంజినీర్ మర్యాదగా అడిగాడు. రికార్డు కంపెనీ ఆయనకు అంత మర్యాద లేదు. శుక్రవారంలోగా మూడు ట్యూన్లూ చేతికి రాకపోతే రికార్డు సంగతి మరిచిపొమ్మన్నాడు.

మార్చి 11

వాడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చేయలేదు, దానికీ కోపం వచ్చింది.

మార్చి 13, గురువారం

పియానో పూర్తిగా తీసేయమన్నాను. చెవుల్లో డ్రమ్స్, బేస్, అంతే. ఎవరి దయా నాకక్కర్లేదు. మూడు ట్యూన్లూ ఒక్కో టేక్‌లో అయిపోయాయి. మొదటి రోజు కంటే బాగా వచ్చాయి. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఇన్నేళ్ళకు నేనొక్కదాన్నే వాయించాననిపించింది.

బయటికి వచ్చేసరికి ఇంజినీర్ తల దించుకుని ఉన్నాడు. కోపం తెచ్చుకోకండి మేడమ్, ఊరికే చూద్దామని ఆయన పియానో కలిపాను, అన్నాడు. వినిపించాడు.

ఎక్కడా గుద్దుకోలేదు. నేను ఆగిన ప్రతి చోటా వాడున్నాడు. నేను విననే వినని ఆ రెండు ట్యూన్లలో కూడా. వాడు నాకు చోటు వదలడమేమిటి, నేనే వాడికి చోటు వదిలి వాయిస్తున్నాను, చిన్నప్పటి నుంచీ అలాగే వాయిస్తున్నట్టున్నాను. ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను.

పియానో ఉంచమంటారా అని అడిగాడు. రేపు చెబుతానన్నాను.

మార్చి 14, శుక్రవారం

పియానో లేకుండానే ఇచ్చేశాను. మధ్యమధ్య ఈ ఖాళీలేమిటి, గిటార్ పెట్టి నింపేద్దాం, అన్నాడు కంపెనీ ఆయన.

వాటి జోలికొస్తే ఊరుకోనన్నాను. అవి మా తమ్ముడివి.