బడాకు పిల్లకి పాలు

బటాంగ్ బెర్జుంటై, మలేసియా,
శుక్రవారం.

నా చిన్నకొడుకు శ్రీకుమార్‌ని అమ్మ దీవించి రాయడం. ఇక్కడ నేను, మీ అక్క వసంతి, దాని కూతురు నిషా అందరం దేవుడి దయవల్ల బాగున్నాం. ఆఫ్రికాలో నువ్వూ, నీ బడాకు పిల్లా క్షేమంగా ఉన్నారనే తలుస్తున్నాను. ఖడ్గమృగం అని రాయమంది నిషా. నాకు నోరు తిరగదు, ఇక్కడి మలాయి మాట బడాకే అంటాను.

ఫోనులో నీ గొంతు వింటే అసలు మాట చెప్పలేను, ఏడుపొచ్చేస్తాది. అందుకే కాగితం. నిషా ఫోటో తీసి పంపుతాది. తప్పులుంటే నవ్వకు, ఎస్టేటు బళ్ళో మూడు క్లాసులే గదా సదివినాను.

నువ్వడిగినావు, మోకాలు నొప్పి తగ్గినాది. మాత్ర మానలేదు. మరి నువ్వు వేళకి తింటున్నావా? పిల్ల తల్లిని కొమ్ము కోసం కాల్చేసినోళ్ళు మళ్ళీ తుపాకులు పట్టుకుని రారు గదా? పిల్ల ఇప్పుడే నూటయాభై కిలోలన్నావు. ఆడుకుంటా నీ కాలు మీద కాలేస్తే ఏటవుతాది? ఇనప బూట్లు అమ్ముతారట, కొనుక్కో.

ఇప్పుడు అసలు సంగతి. రెండు నెలల కింద రాసినావు. "అమ్మా, నా జీతం వైను చేసే ద్రాక్షతోటోళ్ళు ఇస్తున్నారు. వాళ్ళ క్లబ్బు మెంబర్లు కట్టే సొమ్ముతోనే పిల్లకి పాలు, కాపలా, నా కూలీ. ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టమంటున్నారు. అయ్య పోయినప్పుడు తాగుడు సొమ్ము ముట్టనని దీపం ముందు నీకు మాటిచ్చినాను. నువ్వు వద్దంటే వచ్చేస్తాను" అని. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు కొడకా. మీ అయ్యని మింగింది చాలక ఆ కల్లుకొట్టు నీ వెనకాల సముద్రం దాటి వచ్చినాదా అనీసి.

నిషా సైబర్‌జయ కాలేజీ నుండి వచ్చినప్పుడు ఫోనులో ఆ పిల్లని చూపించినాది. దుప్పటి కప్పుకుని నీ వెనకాలే తిరుగుతాంది, నువ్వు గుమ్మం దాటితే కీచుమని ఏడుస్తాంది. అంత పెద్ద జంతువుకి అంత సన్న గొంతేటి! మళ్ళీ మళ్ళీ చూపించమన్నాను. "ఆ క్లబ్బులో ముసలోళ్ళని చేర్చుకుంటారా?" అని అడిగేసినాను.

అవును, చేరిపోయినాం! పెట్టె కూడా వచ్చినాది! ఆరు సీసాలు, ఒక్కో సీసా మీద బడాకు బొమ్మ. పిల్ల ఫోటో కూడా పెట్టినారు, దేవుడి పటాల పక్కన అతికించినాను. పక్కింటి అరవ కామాచ్చి చూసీసి, "ఎన్నడీ రత్నా, ఈ వయసులో వైను క్లబ్బా? రేపు డిస్కోకి పోతావా?" అంది. "పోతాను లే, నువ్వూ రా, ఇద్దరం పోదాం" అన్నాను. ఇప్పుడు రోజూ తనే వచ్చి, పిల్ల ఎంత పెరిగినాదే అని అడుగుతాది. పిల్లకి దిష్టి తగలకుండా చూసుకో.

ఒక తప్పు సేసినాను. మెంబరు పేరు చెప్పమంటే కాంతయ్య అని మీ అయ్య పేరు చెప్పేసినాను. చావు ఖర్చులకి చందాలు కట్టే మన సంగంలో ఎప్పుడూ ఇంటి మొగోడి పేరే గదా రాసీవోళ్ళు, అదే అలవాటు. పెట్టె మీద "మిస్టర్ కాంతయ్య" అని చూసీసి నిషా, "అమ్మమ్మా, తాత చచ్చిపోయి పాతికేళ్ళయింది గదా!" అని పడీ పడీ నవ్వినాది. మారుస్తానంది. నేనే వద్దన్నాను.

ఎందుకో నీకొక్కడికే చెప్తాను. పోయే ముందురోజు మీ అయ్య ఒక్క గుక్క కల్లు అడిగినాడు. చిన్నపిల్లాడిలాగ అడిగినాడు. నేను ఇవ్వలేదు. మొహం తిప్పుకుని చేట పట్టుకుని బియ్యం ఏరుకుంటా కూచున్నాను. పోయినోళ్ళకి ఇష్టమైనవన్నీ ఏటేటా ఆకులో పెడతాం గదా. ఈ పాతికేళ్ళూ చేపల పులుసు పెట్టినాను, చుట్ట పెట్టినాను, కల్లు మాత్రం పెట్టలేదు. కోపం అని మీరు అనుకున్నారు. కోపం కాదు నాయినా. అది పెడితే, ఆ రోజు ఇవ్వనిది గుర్తొస్తాదని భయం.

మొన్న బుధవారం ఆయన రోజు. ఒక సీసా మూత తీయించి, గాజు గ్లాసులో పోసి, ఆకు పక్కన పెట్టినాను. "తాగు, ఈసారి నీ తాగుడు వల్ల ఎవరి కడుపూ మాడదు, తల్లి లేని పిల్లకి పాలు పోస్తున్నారు" అని చెప్పినాను. వసంతి ఏడ్చినాది. నేను ఏడవలేదు, చాన్నాళ్ళకి ఆకలేసి రెండుసార్లు అన్నం తిన్నాను.

నీ చేత ఒట్టు వేయించింది నేను. నేనే తీసేస్తున్నాను. నెలాఖరు దాటనివ్వకు, బేగి సంతకం పెట్టు.

ఇట్లు,
సంతకం పెట్టినావన్న కబురు కోసం ఫోను ఒళ్ళో పెట్టుకు కూచున్న
మీ అమ్మ,
రత్నావతి.