ఇత్తడి అతుకు

శుక్రవారం

సిరిగేరి వాళ్ల కోత మిషన్ షాఫ్టును ఇవాళ కొత్తగా తెచ్చిన సెకండ్ హ్యాండ్ లేత్ మీద తిప్పాను. అంతా ఒకే లావు రావాల్సింది, ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. మళ్లీ తిప్పినా అంతే. లేత్ బెడ్ మీద గోరు లాగి చూస్తే, షాఫ్టును పట్టే చక్ దగ్గర అరిగిన గుంట తగిలింది.

కొనేముందు అలా గోరు లాగి చూడమని నేర్పింది ఓబులేసు మేస్త్రే. కౌల్ బజార్‌లో పాత మిషన్లమ్మే చోట నా పక్కన నిలబడి, "యశ్వంతనగర్ గనుల వర్క్‌షాపుదప్పా ఇది, బో బాగుండాది. కండ్లు మూసుకోని తీసుకో" అన్నదీ ఆయనే. ఆయన చూశాక నేను చూడడమేమిటని చెయ్యి కూడా పెట్టలేదు.

సాయంత్రం, టూలును నడిపే స్లైడు మూల పెయింటు లేచి ఉంటే గీకాను. కింద ఇత్తడి అతుకు! మేస్త్రి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఆటో ఫీడ్ ఆపడం మరిచి, స్లైడును చక్‌కు గుద్దించి ఆ మూల పగలగొట్టింది నేనే. ఒక్క మాట అనకుండా ఇత్తడితో అతికించింది ఆయనే. తుక్కుకు వేశానన్న ఆయన పాత లేత్ ఇదే.

నాదేనప్పా అని ఆయనే చెప్పి ఇచ్చుంటే, అరిగిందని తెలిసినా కళ్లకద్దుకొని తెచ్చుకునేవాణ్ని.

అంతలో ఆయనే ఫోన్ చేశాడు. "మంచి మిల్లింగ్ మిషన్ వచ్చిండాదప్పా, రేపు పోదాం."

"బాగా చూసినారా మేస్త్రీ?"

"నేను చూసినాంక నువ్వు చూసేదేముండాదప్పా!" అని నవ్వాడు.

సరే మేస్త్రీ అన్నాను. రేపు ఆయన కళ్ల ముందే దాని మీద గోరు లాగగలనో లేదో...